మూడు నెలల సముద్రం

భీమిలి,
16-11-1998.

జానీకి,

చేరగానే ఉత్తరం రాయమన్నావు, రాస్తున్నాను. గుంటూరులో ఎక్కిన రైలు విశాఖపట్నం వచ్చేసరికి తెల్లారింది. అక్క స్టేషనుకి వచ్చింది. అక్కణ్ణుంచి భీమిలి బస్సు. మంచి మాటలు ఇక్కడితో అయిపోయాయి.

రెండు వారాలన్నావు. "రెండు వారాలు మా వదిన గారింట్లో సముద్రపు గాలి పీల్చుకుని రండి, పెళ్ళిళ్ళ సీజనుకి కొట్లో ఉంటారు" అని నువ్వే అన్నావు. నిన్న తోచక పెట్టె సర్దుకుంటుంటే లుంగీల అడుగున మందుల సంచీ దొరికింది. పూటకొకటి చొప్పున వేసుకున్నా మూడు నెలలు వచ్చేన్ని బిళ్ళలున్నాయి అందులో. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిని ఇలాగా ఊరు దాటించేది? అక్కని నిలదీస్తే, "నాకేం తెలుసురా, జానీ ఎలా చెబితే అలా" అని చేపలు తోముకుంటూ తల కూడా ఎత్తలేదు. ఇద్దరూ కూడబలుక్కునే చేశారు.

అక్క ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల. బావ పోయాక అద్దెకిచ్చే ముందు గదిని నా కోసం ఖాళీ చేయించింది. వరండాలో పడక కుర్చీ వేసింది. పొద్దున అందులో కూర్చోవాలి. టిఫిన్ తిని కూర్చోవాలి. భోంచేసి మళ్ళీ కూర్చోవాలి. దీన్ని రెస్టు అంటారట. నేను పుట్టి బుద్ధెరిగాక కూర్చుని చేసిన పని పరుపు కుట్టడం ఒక్కటే. చేతిలో దబ్బనం లేకుండా కూర్చోవడం నాకు చేతకాదు.

దూది ఏకే మిషను మీద గోనెపట్టా కప్పి ఉంచు. ఎలుకలు బెల్టు కొరుకుతాయి. పురుషోత్తమపట్నం బుల్లయ్య గారి అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో. నాలుగు పరుపులు, ఎనిమిది దిండ్లు, అన్నీ బూరుగు దూదితో. నేను వచ్చాకే మొదలుపెడతానని ఆయనకి చెప్పు. ఈ నెలాఖరుకి వచ్చేస్తున్నాను.

బుడాన్


చిలకలూరిపేట,
23-11-1998.

మీకు సలాం.

మీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నిజమే, అబద్ధం చెప్పాను. మూడు నెలలని చెబితే మీరు గడప దాటేవారా?

నరసరావుపేట డాక్టరు గారు మిమ్మల్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు గుర్తుందా? మీ ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు. "ఈయన ఏం పని చేస్తారమ్మా?" అన్నారు. "దూది ఏకి పరుపులు కుడతారండి" అన్నాను. "ఎన్నేళ్ళ నుంచి?" "పన్నెండో ఏట నుంచండి." ఆయన ఫిల్ము బల్ల మీద పెట్టేశారు. చలికాలం మంచు, కొట్లో దుమ్ము, ఆ తర్వాత మిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిస్తే ఈసారి తట్టుకోలేరు, ఫిబ్రవరి దాకా ఏదైనా సముద్రం ఒడ్డున ఉంచమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. అది మీరు వచ్చాక చెబుతాను.

ఎదురింటి వెంకటరావమ్మ గారు అరుగు మీద నుంచే అరిచి అడుగుతున్నారు. "ఏమే జానీ, మీ ఆయన్ని సముద్రానికి షికారు పంపావంట! మా ఆయన్ని పొలం దాకా పంపడానికే నా తల ప్రాణం తోకకొస్తోంది!" వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?

ఫోను చేస్తానన్నారట, వదిన కార్డు రాసింది. వద్దు. ఎస్టీడీ బూతులో మీరు దగ్గుతుంటే నేను వింటూ నిలబడాలి, వెనక వరసలో నలుగురు నా మొహం చూస్తుంటారు. ఉత్తరంలో దగ్గు వినపడదు.

నెలాఖరుకి వస్తే ఇంటి తాళం వేసి మన అమ్మాయి దగ్గరికి నరసరావుపేట పోతాను. గుర్తుపెట్టుకోండి.

జానీబీ


భీమిలి,
4-12-1998.

జానీకి,

నెలాఖరు దాటింది. రాలేదు. సంతోషమా?

ఆదివారాలు విశాఖపట్నం నుంచి కార్లలో జనం దిగుతారు. ముంత మసాలా తింటారు, లైట్‌హౌసు ముందు ఫొటోలు దిగుతారు, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి కేకలేస్తారు. మొన్న ఒకాయన, ఇంజనీరట, చలికాలమని పది రోజులు సెలవు పెట్టి కుటుంబంతో వచ్చాడు. నా పక్కన ఇసకలో కాళ్ళు చాపుకుని, "అదృష్టవంతులండీ, మీరు ఎప్పుడూ ఇక్కడే ఉంటారు. ఏం చేస్తుంటారు?" అన్నాడు. "రెస్టు తీసుకుంటున్నాను" అన్నాను. నోట్లో మట్టి పడ్డట్టయింది. ఆ ఎండా ఆ గాలీ ఆయనకి సెలవు, నాకు శిక్ష.

జాలర్లకి కూడా నేనంటే తమాషా అయిపోయింది. వలలు బాగుచేసుకుంటూ, "ఏటి సాయిబు గారూ, పొద్దల్లా ఉత్తినే కూకుంటారు, విసుగు రాదేటి?" అంటారు. వాళ్ళ చేతులు ఆడుతుంటే చూస్తూ కూర్చుంటాను. విసుగు రాక ఏమొస్తుంది?

అక్క పరుపు రాళ్ళ మూటలా ఉండలు కట్టింది. దూది ఏకే విల్లు ఒకటుంటే ఒక్క పూటలో ఏకి పారేద్దును. "ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా" అంటోంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తే నువ్వు గెలిచినట్టు. అయినా రాస్తున్నాను. మంగళవారం రాత్రి పడుకున్నాను. పడుకోవడమంటే వెల్లకిలా, మనుషులు పడుకున్నట్టు. మధ్యలో లేవలేదు. తెల్లారి కళ్ళు తెరిస్తే ఇంటి దూలం కనిపించింది. ఇంతే సంగతి.

బుల్లయ్య గారు వచ్చారా? ఆ విషయం ఒక్క ముక్కా రాయలేదు.

బుడాన్

జానీ, ఇది వదిన చేతిరాత. వీడు లైట్‌హౌసు దాకా నడిచి వస్తున్నాడు, మధ్యలో రెండుసార్లే ఆగుతున్నాడు. ఆ మాట వాడు రాయడని నేను రాశాను.


చిలకలూరిపేట,
14-12-1998.

మీకు సలాం.

పడుకున్నానని మీరు రాసిన ముక్క మూడుసార్లు చదివాను. చదివి వదినకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

బుల్లయ్య గారు వచ్చారు. కండువాతో అరుగు దులుపుకుని కూర్చుని, "ఏమ్మా, బుడాన్ సముద్రం చూస్తుంటే నా కూతురి పెళ్ళి ఆపుకోమంటావా?" అని గట్టిగానే అన్నారు. ఆరోగ్యం సంగతి చెప్పాను. "ఆరోగ్యానికేంలే, అతను మొండిఘటం. వాళ్ళ నాన్న మా అక్క పెళ్ళికి కుట్టిన పరుపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నాకు మీ ఇంటి చేతి పరుపే కావాలి" అన్నారు. నేను చూసుకుంటానని పంపాను. ఎలా చూసుకుంటానని మాత్రం అడగొద్దు.

కొట్టు కడిగించాను. గోడలకి సున్నం వేయించాను. మూలమూలల నుంచి దూది ఎంత వచ్చిందంటే, ముప్ఫై ఏళ్ళ మంచు ఒక్కసారి పడ్డట్టుంది.

రంజాను నెల దగ్గరికొచ్చింది. రోజా ఉండొద్దని డాక్టరు గారు చెప్పారు. మీరు వదినకి తెలియకుండా ఉంటారని నాకు తెలుసు. ఉండకండి.

కొట్టు గురించి, మిషను గురించి ఇక రాయకండి. చేపలు తిన్నారా, నడిచారా, అది రాయండి చాలు.

జానీబీ


భీమిలి,
28-12-1998.

జానీకి,

నిన్న ప్రేమదాసు వచ్చాడు. మన వీధి చివర ఉంటాడే, లారీ డ్రైవరు. మిల్లు నూలు లోడుతో విశాఖపట్నం వచ్చి, నన్ను చూడాలని భీమిలి దాకా వచ్చాడు. నువ్విచ్చిన కారం డబ్బా తెచ్చాడు. ఊరి మనిషిని చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్క టీ ఇచ్చింది.

"ఏమన్నా, రంగు తేలావే! దగ్గే లేదు!" అన్నాడు.

"నా సంగతి పోనీరా. ఊళ్ళో ఏంటి కబుర్లు?"

"ఏముంటాయన్నా. పత్తికి పురుగు, మిరపకి తెగులు. మీ కొట్టు మాత్రం మెరిసిపోతోంది. గాజు తలుపులూ, లోపల లైట్లూ. కొత్త బోర్డు చూసి ఎవరో బట్టల కొట్టు పెట్టారేమో అనుకున్నా."

"ఏ బోర్డురా?"

వాడి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "అంటే... నేను సరిగా చూళ్ళేదేమోనన్నా. సాయంత్రం పూట కదా. బండికి టైమవుతోంది, వస్తా."

చొక్కా పట్టుకున్నాను. "ప్రేమదాసూ, మీ ప్రభువు మీద ఒట్టేసి చెప్పు. నా కొట్లో ఏం జరుగుతోంది?"

"మేం ఒట్లు వెయ్యకూడదన్నా. నువ్వు జానీ వదిననే అడుగు" అని చెయ్యి విడిపించుకుని పోయాడు.

అడుగుతున్నాను. ఏ బోర్డు? గాజు తలుపులెందుకు? దూది కొట్టుకి గాజు తలుపులు పెట్టిన పిచ్చివాణ్ణి నేనెక్కడా చూడలేదు. నా మిషను ఎక్కడుంది? నన్నిక్కడ గుంజకి కట్టేసినట్టు కట్టేసి నువ్వక్కడ ఏం చేస్తున్నావు? ఈసారి చేపల గురించి, నడక గురించి రాస్తే చింపి పారేస్తాను.

బుడాన్


చిలకలూరిపేట,
4-1-1999.

మీకు సలాం.

ప్రేమదాసు వచ్చి నా ముందు తల దించుకుని నిలబడ్డాడు. వాడి తప్పేముంది? చెప్పాల్సింది నేను.

బోర్డు మార్చాను. ఫోం పరుపుల ఏజెన్సీ తీసుకున్నాను. కంపెనీ వాళ్ళు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పంపుతారు, మనం నిలబెట్టి అమ్మడమే. దుమ్ము ఉండదు. మిషనుని వినుకొండలో పరుపులు కుట్టే ఆయనకి అమ్మేశాను. తీసుకెళ్ళే పూట నేను కొట్లో నిలబడలేకపోయాను. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను.

డాక్టరు గారు అన్న రెండో మాట ఇప్పుడు వినండి. "మళ్ళీ ఆ దుమ్ములో కూర్చుంటే రెండేళ్ళమ్మా. అంతకంటే నేను మాటివ్వలేను." ఇదీ ఆయన అన్నది. ఈ మాట మీకు చెబితే ఏమంటారో నాకు తెలుసు. "డాక్టర్లు అలాగే అంటారు" అంటారు. పోయినేడు ఇంకో డాక్టరు చెప్పినప్పుడు అదే అన్నారు. అని మర్నాడు పొద్దున్నే మిషను బెల్టు బిగించుకున్నారు.

మూడేళ్ళుగా మీరు పడుకోలేదు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి గోడకి ఆనుకుని కూర్చుని కునికాడు. గోడ చలి కొడుతోందంటే నేను వెనక కూర్చుని నా వీపు ఆనించాను. మీకు దగ్గు వస్తే ముందు నా వెన్నుకి తెలిసేది. పొద్దున లేచి మామూలుగా నీళ్ళు తోడేదాన్ని. ఇది అమ్మాయికి కూడా చెప్పలేదు. మీరు వెల్లకిలా పడుకున్నానని రాశారు చూడండి, ఆ ఉత్తరం అందిన రోజే బోర్డు రాసేవాడికి కబురు పంపాను. ఇక ఆలోచించడానికి ఏముంది?

మిమ్మల్ని అడగలేదు. అడగకుండా చేసింది తప్పే. కానీ నాతో ఎప్పుడైనా ఏదైనా అడిగి చేశారా మీరు? ఇంటి ముందు గది పగలగొట్టి కొట్లో కలిపినప్పుడు అడిగారా? మిషను కొన్నప్పుడు అడిగారా? అన్నంలో దూది, నీళ్ళ కుండ మీద దూది, పసిపిల్ల కనురెప్పల మీద దూది. ఊడ్చాను, తుడిచాను, నోరెత్తలేదు. ఇప్పుడు ఒక్క పని నా ఇష్టప్రకారం చేశాను.

కోప్పడండి. ఎంత కావాలంటే అంత కోప్పడండి. కోప్పడటానికి ఊపిరుంటే నాకంతే చాలు.

జానీబీ


భీమిలి,
9-1-1999.

జానీబీకి,

కొట్టు మా నాన్న పెట్టింది. మిషను నా కష్టం. రెండూ లేకుండా చేశావు. ఇక అక్కడికి వచ్చి నేను చేసేదేముంది? ప్లాస్టిక్ కాగితాలు విప్పాలా?

ఇక్కడ నాకు పని దొరికింది. నా చేతులు పనిచేస్తున్నంత కాలం ఎవరి దయా నాకక్కర్లేదు. రాను.

బుడాన్


భీమిలి,
16-1-1999.

జానీకి,

మీ వదిన రహమతున్నీసా దీవించి రాసేది.

కంగారు పడకుండా చదువు. బుడాన్ విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదని ఇవాళ పొద్దున చెప్పారు. అందుకే ఇవాళ రాస్తున్నాను. ఫోను చేద్దామని రెండుసార్లు బూతు దాకా వెళ్ళి, నీకు ఎలా చెప్పాలో తెలియక వెనక్కి వచ్చాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు వీడు అన్నం తినలేదు. మర్నాడు తెల్లవారుజామునే బయటికి పోయాడు. సముద్రం దగ్గరున్న ఒక గెస్టుహౌసు వాళ్ళు సంక్రాంతి సెలవులకి జనం వస్తారని పాత పరుపులు బాగుచేయించుకోవాలనుకుంటున్నారట. పదకొండు పరుపులు. అడిగి మరీ ఒప్పుకున్నాడు. ఎవరి దగ్గర సంపాదించాడో ఒక పాత విల్లు సంపాదించాడు. మేడ మీద, గాలికి చాటుగా పట్టాలు కట్టుకుని మూడు రోజులు ఏకాడు. నాకు మాత్రం, "నడవడానికి పోతున్నా అక్కా" అని చెప్పేవాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని మరీ ఇంటికొచ్చేవాడు. నేను మురిసిపోయాను, ఎంత దూరం నడుస్తున్నాడో అని.

మూడో రోజు మధ్యాహ్నం గెస్టుహౌసు మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను వెళ్ళేసరికి దూది మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట లేదు. ఆటోలో నా ఒళ్ళో తలపెట్టుకుని తీసుకెళ్ళాను. ఆక్సిజను పెట్టారు.

తెలివొచ్చాక మొదట అన్న మాట, "జానీకి చెప్పొద్దక్కా." రెండో మాట, "ఇంకా నాలుగు పరుపులు మిగిలాయి."

నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. నువ్వు బయల్దేరి రా.

మీ వదిన


చిలకలూరిపేట,
28-1-1999.

మీకు సలాం.

నాలుగు రోజులు మీ మంచం పక్కన కూర్చున్నాను. నాలుగు రోజులూ మీరు గోడకేసి తిరిగి ఉన్నారు. పండగ పూట వదిన ఇంటి నుంచి సేమ్యా వండి తెచ్చింది. మీరు ఆవిడ పెడితే తిన్నారు, నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నర్సు కూడా అడిగింది, "ఈవిడ మీకేమవుతారండీ?" అని. మీరు దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. బస్సు ఎక్కేదాకా అదే మాట నా చెవిలో ఉంది.

అక్కడ అడగలేనిది ఇప్పుడు అడుగుతున్నాను. పదకొండు పరుపుల కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడ్డారు. నా కోసం ఒక్క చలికాలం ఊరికే కూర్చోలేకపోయారా?

మీకు సంతోషం కలిగించే వార్త కూడా రాస్తాను. బుల్లయ్య గారు మన కొట్టుకి వచ్చారు. ఫోం పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కారు. అది పైకి లేచింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ లేచింది. "ఇదేంటమ్మా, ఎదురు తిరుగుతోంది" అన్నారు. గుంటూరు పోయి దూది పరుపులే కుట్టించుకున్నారు. మన దగ్గర దిండు గలీబు కూడా కొనలేదు. ఇంకో రెండు పెళ్ళిళ్ళ వాళ్ళదీ అదే వరస. రోజంతా గాజు తలుపుల వెనక కూర్చుంటే లారీలు పోవడం కనిపిస్తుంది, అంతే. మీరే గెలిచారనుకోండి.

అయినా మిషను వెనక్కి తేను.

జానీబీ


భీమిలి,
4-2-1999.

జానీకి,

మొన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాను. నిన్నటి నుంచి నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. ఇది అయిదోది.

ఇంటికి రాగానే నీ ఉత్తరం ఇచ్చింది అక్క. చదివి పక్కన పెట్టాను. అప్పటికీ నాకు కోపం పోలేదు. అబద్ధం చెప్పను. "చూడక్కా, బుల్లయ్య గారు చెంపదెబ్బ కొట్టినట్టు చేశారు" అని నవ్వాను కూడా.

అక్క తోముతున్న గిన్నె కింద పెట్టింది. "నవ్వు నవ్వు. జానీ ఎలా దగ్గుతోందో విన్నావా?" అంది.

"ఎప్పుడు?"

"నీ మంచం పక్కన ఉన్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకునేది. దగ్గు తెర వస్తే వరండాలోకి పరుగెత్తేది. నీ ఫిల్ము తీసిన రోజే డాక్టరు దానికీ తీయించాడంట. దానికీ మచ్చలొచ్చాయి. నీకు చెప్పనని నాచేత మాట తీసుకుంది. నేనిప్పుడు మాట తప్పుతున్నాను. ఆ పాపం నాకే రానీ."

జానీ, నేను మిషను ముందు కూర్చునేటప్పుడు మూతికి తువ్వాలు కట్టుకునేవాణ్ణి. మా నాన్న నేర్పాడు. నువ్వు నా వెనక కూర్చుని ఏకిన దూది ఎత్తి పరుపు గుడ్డలోకి కూరేదానివి. ఇరవై ఎనిమిదేళ్ళు. నీకు ఒక్క తువ్వాలు ఇవ్వాలని నాకు తోచలేదు. నిన్నటి నుంచి ఎంత గుర్తుతెచ్చుకున్నా, ఒక్కరోజైనా ఇచ్చినట్టు గుర్తు రావడం లేదు.

ఈ వాక్యం రాయలేకే ఆ నాలుగు ఉత్తరాలూ చింపాను.

నేను వచ్చేదాకా కొట్టు మూసెయ్యి. నువ్విక్కడికి రా. నేనక్కడికి వస్తాను. ఆ రబ్బరు పరుపులు నేను అమ్ముతాను. నాకు ఇష్టం లేదు, ఇష్టమని అనను. కానీ అమ్ముతాను. డాక్టరు ఫిబ్రవరి అన్నాడు, నా మూడు నెలలు నిండొచ్చాయి. మిరపకాయలు యార్డుకి వచ్చే రోజులు కదా, నేను తువ్వాలు కట్టుకుంటాను, నువ్వు మాత్రం ఆ ఊళ్ళో ఉండకూడదు.

నీ ఫిల్ములో ఏముందో ఈసారి దాచకుండా రాయి.

బుడాన్


చిలకలూరిపేట,
9-2-1999.

మీకు సలాం.

వదిన నోట్లో నువ్వుగింజ నానదు.

మీకున్నంత లేదు. చిన్న మచ్చలన్నారు. దుమ్ము మానేస్తే పెరగవన్నారు. మిషను అమ్మింది మీకోసమొక్కరికే కాదని ఇప్పుడైనా తెలిసిందిగా. చెబితే, నావల్లే కదా అని మీరు కుంగిపోతారనుకున్నాను. మీరు మాత్రం గోడకేసి తిరిగి పడుకున్నారు.

నేనొచ్చి అక్కడ ఏం చేస్తాను? కొత్త కొట్టు. దాన్ని తెరిచి రెండు నెలలు కూడా కాలేదు. మీకు ఆ పరుపుల సంగతి ఏం తెలుసు? సైజులు తెలుసా, కంపెనీ కాగితాలు తెలుసా? వచ్చినవాడితో దెబ్బలాడి పంపేస్తారు. నేను రాలేను. ఇంకోసారి చూద్దాం.

తువ్వాలు సంగతి ఇక రాయకండి. ఆ ముక్క చదివాక పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

జానీబీ


చిలకలూరిపేట,
20-2-1999.

జానీకి,

బస్టాండులో నా ముందు ఏడ్చావు, నన్ను తిట్టావు, అయినా ఎక్కావు. అదే చాలు. చెప్పకుండా ఊళ్ళో దిగి నీ పెట్టె నేనే సర్దడం తప్పయితే, ఆ విద్య నీ దగ్గర నేర్చుకున్నదే. అమ్మాయి నీతో విశాఖ దాకా వచ్చి దింపి వెళ్ళిందని తెలిసింది.

ఇక్కడ నా బతుకు విను. గాజు తలుపుల వెనక కూర్చున్నాను. చేపల తొట్టిలో చేపలా దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. ప్రేమదాసు రోజూ లారీ ఆపి లోపలికొచ్చి, "అన్నా, ఎలా ఉంది యాపారం?" అని పరుపు మీద కూర్చుని ఎగురుతాడు. పరుపు మీద ఎగరడమేంటి జానీ? మా నాన్న చూస్తే కర్ర తీసుకునేవాడు.

నిన్న దర్శి నుంచి ఒక జంట వచ్చారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. నచ్చింది, తీసుకుంటామన్నారు. ఆ అబ్బాయి, "వేసవిలో ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. "వీపు ఉడికిపోతుంది" అన్నాను. అడిగాడు కాబట్టి చెప్పాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. వెంకటరావమ్మ గారు అరుగు మీద నుంచి అంతా విని, "జానీ ఉంటే ఈపాటికి రెండు అమ్మేది!" అన్నారు.

ఇవాళ మాత్రం ఒకటి అమ్మాను. వినుకొండ దగ్గర బడిపంతులు గారు. నడుం నొప్పట. గట్టిది ఏరి ఇచ్చాను. నా చేత్తో కుట్టని పరుపు నా చేత్తో మొదటిసారి ఇచ్చాను. ఆయన రిక్షాలో పెట్టించుకుని బస్టాండుకి పోతుంటే సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. తలుపు మూసి టీ తాగాను.

అన్నం రోజూ మాడుతోంది. పప్పులో నీళ్ళు ఎన్ని పొయ్యాలి? ఊపిరి బాగానే ఉంది. పడుకుంటున్నాను. పక్కన ఖాళీగా ఉంది. పదిహేను రోజులు చాలు కదా నీకు? ఎప్పుడొస్తావు?

బుడాన్


భీమిలి,
28-2-1999.

మీకు సలాం.

వచ్చిన మొదటి మూడు రోజులు మీమీద కోపంతో గదిలోంచి బయటికే రాలేదు. కొట్టు తాళాలు ఎక్కడ పెట్టారో, కంపెనీ మనిషితో ఏం మాట్లాడారో అని అదే ధ్యాస. నాలుగో రోజు వదిన విసిగిపోయి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఇసక మీద కూర్చోబెట్టి, తను చేపల బేరానికి పోయింది.

సముద్రాన్ని ఆసుపత్రికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. అప్పుడు కళ్ళకి ఆనలేదు. ఇప్పుడు దాని ఎదురుగా ఒక్కదాన్నే కూర్చున్నాను. ఒక అల వచ్చి చీర కుచ్చిళ్ళు తడిపిపోయింది. లేచి వెనక్కి జరగాలనుకున్నాను. జరగలేదు. ఇంకోటి వచ్చింది. కూర్చునే ఉన్నాను. ఊడవాల్సిందేమీ లేదక్కడ. ఎంత ఇసకైనా దాని పాటికది ఉంటుంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వెళుతున్నాను. పడవలు ఒడ్డుకి వచ్చేదాకా ఉంటాను. ఎండ వీపుకి తగులుతుంటే ఎంత హాయిగా ఉంటుందో మీరు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. నిన్న వదినా నేనూ ముంత మసాలా కొనుక్కుని అక్కడే నిలబడి తిన్నాం. కారం చాలలేదని బండివాడితో దెబ్బలాడాను. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. చెప్పాను. మారు మాట్లాడకుండా ఇంకో చెంచా వేశాడు.

మధ్యాహ్నం నిద్రపోతున్నాను. పెళ్ళయ్యాక మధ్యాహ్నం పూట నేను కునుకు తీయడం ఇదే మొదలు. లేచేసరికి వదిన టీ పెట్టి ఉంచుతుంది. ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు చూస్తాను. ఎవరూ పిలవరు. దగ్గు తగ్గింది. నిన్న లైట్‌హౌసు దాకా నడిచాను, ఒక్కసారే ఆగాను. అదీ గవ్వ కనిపించి.

పప్పు ఒక గ్లాసయితే నీళ్ళు మూడు గ్లాసులు. వేసవిలో వీపు ఉడుకుతుందని చెప్పడం మంచిదే, అబద్ధం చెప్పి అమ్మొద్దు. పైన దుప్పటి వేసుకోమని కూడా చెప్పండి, కొనుక్కుంటారు.

ఎప్పుడొస్తావని అడిగారు. మార్చి పదిహేను దాకా ఉంటాను. అడగడం లేదు, చెబుతున్నాను.

జానీబీ